నా కాలి కింది బ్రేకు

డ్రైవింగ్ స్కూల్ కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టర్ కాలి కింద. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకునే నా ఉద్యోగమంతా గడిచింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో లేనప్పుడూ, మెట్రో కోసం రోడ్డంతా తవ్విపోసినప్పుడూ, మెట్రో నెత్తిమీద తిరుగుతున్నప్పుడూ అదే రోడ్డు, అదే సీటు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎందరో నాకే తెలియదు. ఎక్కడో సిగ్నల్ దగ్గర అద్దం దించి "సార్, నమస్తే" అంటారు. నేనూ గుర్తుపట్టినట్టే నవ్వుతాను.

ఇప్పుడు పని మానేసి బడంగ్‌పేట్‌లో ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. మా వీధిలో ఉద్యోగాలు చేసే పిల్లలు వచ్చి "అంకుల్, టెన్షన్‌తో చచ్చిపోతున్న" అంటారు. ఊపిరి ఎట్లా పీల్చాలో ఫోన్‌లో చూసి నేర్చుకుంటున్నామని కూడా చెప్తారు. నేర్చుకోండి, మంచిదే. వాళ్లకు చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నాను. ఓపికుంటే చదవండి, లేకపోతే మళ్లీ ఫోనే చూసుకోండి, నాకేం నష్టం లేదు.

మా పనిలో ఉన్నవాళ్లకు ఒక జబ్బు వస్తుంది. కాలు ఊరుకోదు. ఎవరి బండిలో కూర్చున్నా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. ఆటోలో తొక్కుతాను. ఆర్టీసీ బస్సులో ముందు సీటాయన చెప్పును తొక్కి తిట్లు తిన్నాను. టీవీ సీరియల్‌లో హీరోయిన్ కారు వేగంగా పోతుంటే సోఫాలో కూర్చుని బ్రేకు వేశాను. మా ఆవిడ చూసి, "ఆమె ఎట్లయినా సచ్చేదే లేదు, నువ్వు టీపాయి ఇరగ్గొట్టకు" అంది. అప్పటిదాకా అది నవ్వుకునే విషయమే.

ఒకనాడు ఎల్బీ నగర్ దగ్గర, ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ముందు సూర్యాపేట పోయే బస్సు. నేను రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టి లేచి నిలబడ్డంత పని చేశాను. కారు బస్సు వెనక వెంట్రుకవాసిలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కుర్రాడు "సారీ సార్" అని ఐదు నిమిషాల్లో మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. మర్నాడు పొద్దున సీట్లో కూర్చోగానే గుండె దడదడ. అరచేతుల్లో చెమట. నోరు ఎండిపోయింది. గుండెపోటే అనుకుని దవాఖానకు పోయాను.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, "గుండె మంచిగనే ఉంది. మీకు ఆందోళన ఎక్కువైంది. రోజువారీ అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. తగ్గకపోతే మళ్లీ రండి, మందు ఆలోచిద్దాం" అన్నాడు. నాకు నచ్చలేదు. జబ్బు అంటే ఒక పేరు, ఒక గోలీ ఉండాలి కదా. అలవాట్లు మార్చుకోమంటే అదేం వైద్యం అనుకున్నాను. మందు నేనే కనిపెట్టుకున్నాను. బ్రేకు మీది నుంచి కాలు తీయనే కూడదు. ఎవరు నడిపినా సరే, ముందున్న బండి లైటు ఎర్రబడకముందే నేను మెత్తగా తొక్కేసేవాణ్ని. కారు పువ్వులా ఆగేది. నేర్చుకునేవాళ్లు తామే ఆపామని మురిసిపోయేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఆమె వచ్చింది. గుంటూరు వైపు మనిషి, నలభై దాటిన వయసు. భర్తతో కలిసి హయత్‌నగర్‌లో హైవే పక్కన భోజనాలు వండి పంపే వంటిల్లు నడుపుతుంది. వంట ఆయనది, బయటి పనంతా ఈమెది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలుండే హాస్టలొకటి వాళ్ల పెద్ద బేరం. రోజూ మధ్యాహ్నం అక్కడికి అన్నం, కూర, సాంబారు పంపాలి. తీసుకుపోయే ఆటోవాడు ఒకరోజు వస్తే ఒకరోజు రాడు. పిల్లలు ఆకలితో క్లాసులకు పోతున్నారని హాస్టల్ వార్డెన్ గట్టిగా చెప్పేశాడు. సెలవులు అయిపోయి పిల్లలు వచ్చే రోజు నుంచి భోజనం టైముకు రావాలి, లేకపోతే వేరే మెస్ చూసుకుంటామన్నాడు. ఆ బేరం పోతే పొయ్యి ఆరిపోయినట్టే. ఆమె పాత కారొకటి కొనుక్కుని, నడపడం నేర్చుకోవడానికి మా స్కూల్‌కు వచ్చింది.

తెలివైన మనిషి. గేర్లు రెండు రోజుల్లో పట్టేసింది. ఆర్టీఓ ఆఫీసు ట్రాక్ మీద ఎనిమిది అంకె తిప్పి లైసెన్స్ కూడా తెచ్చుకుంది. స్వీటు డబ్బా నా చేతిలో పెట్టి, "లైసెన్స్ వచ్చిందండీ మాస్టారూ, ధైర్యమే రాలేదు" అంది.

ఆమె చెప్పింది నిజమే. ట్రాక్ మీద హారన్లుండవు కదా. రోడ్డు మీద వెనక బస్సు హారన్ కొడితే చాలు, ఈమె స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో చెవులు మూసుకునేది. కారు నడుస్తుండగానే. మొదటిసారి చూసినప్పుడు నా పైప్రాణాలు పైనే పోయాయి. నేను స్టీరింగ్ పట్టుకుని, బ్రేకు తొక్కి, "అమ్మా, చెవులతోని నడపరు బండి" అని అరిచాను. "తెలుసండీ, చేతులు వాటంతటవే వెళ్లిపోతున్నాయి" అని ఏడుపు ముఖం పెట్టింది. ఆమెకు చేతులు ఊరుకోవు, నాకు కాలు ఊరుకోదు. మంచి జోడీ కుదిరింది.

ఒక పొద్దున చైతన్యపురి దాటాక ఆమె ఉన్నట్టుండి, "మాస్టారూ, నేను కాలు పెట్టకముందే బ్రేకు కిందికి పోతోందండీ" అంది. మా కార్లలో రెండు బ్రేకులూ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. నేను ఇక్కడ తొక్కితే ఆమె కాలి కిందిదీ దిగుతుంది. ఇన్ని రోజులు ఎవరూ చూడలేదు, ఈమె చూసింది.

వెనక సీట్లో మా సీనియర్ మాస్టర్ ఉన్నాడు. హయత్‌నగర్ పాత రైతు కుటుంబం. భూములు ప్లాట్లయ్యాయి, కిరాయిలతో హాయిగా బతకొచ్చు. ఇంట్లో ఖాళీగా ఉంటే పిచ్చి లేస్తుందని మాతో పాటు పని చేసేవాడు. ఆయన పగలబడి నవ్వాడు. "అమ్మా, గా బండి నువ్వు నడుపుతలేవు. మా తమ్ముడు నడుపుతున్నడు. నువ్వు స్టీరింగ్ పట్టుకొని ఊకె కూసున్నవ్."

ఆమె నవ్వలేదు. కారు పక్కకు ఆపింది. అదీ నేనే ఆపానో, ఆమే ఆపిందో చెప్పలేను. "మరి నా కారులో మీ బ్రేకు ఉండదు కదండీ. ఇంకో రెండు వారాల్లో పిల్లలొచ్చేస్తారు. నేనెలా తీసుకెళ్లాలి?" అంది.

ఆ సాయంత్రం సీనియర్ నన్ను కొత్తపేటలో చాయ్ దుకాణానికి లాక్కుపోయాడు. నాకు చాయ్ చెప్పి, మళ్లీ తనే వద్దన్నాడు. "పొద్దుగాల నుంచి ఎన్ని తాగినవ్? గుండె కొట్టుకోక ఏం జేస్తది?" అని మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టాడు.

"అన్నా, కాలు తియ్యాలంటే చేతగాదు. భయమైతది" అన్నాను. మొదటిసారి ఒకరితో ఆ మాట అన్నాను. అనగానే సగం బరువు దిగింది, దాచడం దేనికి.

"భయం నాకు గూడ ఉంటది. లేదనుకున్నవా? నేను దాన్ని రోజు జర జర దించుకుంట. నువ్వు మూట గట్టుకొని ఇంటికి తీస్కపోతున్నవ్" అన్నాడు.

ఆయన పద్ధతులు నేను రోజూ చూస్తున్నవే, కానీ పద్ధతులని తెలియదు. బండి స్టార్ట్ చేసే ముందు అరచేతులు తొడల మీద పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చునేవాడు. దేవుణ్ని తలుచుకుంటున్నాడనుకునేవాణ్ని. కాదట, ఊపిరి వదులుతున్నాడట. "పీల్చుడు అందరికొస్తది. ఇడుసుడే రాదు. మెల్లగ, బెలూన్ల గాలంత పొయ్యినట్టు ఇడువు." ఎర్రలైటు పడినప్పుడల్లా భుజాలు కిందికి దించి, బిగబట్టిన పళ్లు వదులు చేసేవాడు. మా రోడ్డులో ఎర్రలైట్లకు కరువా? సాయంత్రం కారును తనే గుడ్డ పెట్టి తుడిచేవాడు. తుడవడం అయిపోతే ఆ రోజు అయిపోయినట్టే, ఇక ఇంట్లో పని మాట ఎత్తడు. ఇంటికి కూడా బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడిచిపోయేవాడు. పిసినారి అనుకున్నాను ఇన్నాళ్లూ.

సరే, మొదలుపెట్టాను. నమ్మకంతో కాదు, దారిలేక. మొదటి రోజు సిగ్నల్ దగ్గర భుజాలు దించి కళ్లు మూసుకుంటే పచ్చలైటు పడింది, వెనక ఆటోవాడు మా వంశమంతటినీ పలకరించాడు. ఊపిరి వదులుతుంటే దగ్గు వచ్చింది. చాయ్ తగ్గిస్తే తలనొప్పి వచ్చి, నేర్చుకోవడానికి వచ్చిన బ్యాంకు మేనేజర్ మీద అరిచాను. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, మంచి అలవాటు మొదటి వారం మంచిగా ఉండదు. మీరు మూడు రోజులు చేసి లాభం లేదంటారు. మూడు రోజుల్లో మీకు గేర్లు వచ్చాయా? దీనికీ అంతే ఓపిక కావాలి.

నెమ్మదిగా ఒక సంగతి కనిపెట్టాను. రోడ్డు మీద కనిపించేదాన్ని పైకి చెప్తుంటే దడ తగ్గుతుంది. "ముందు ఆటో. ఎడమ పక్క పండ్ల బండి. ఒక తాత రోడ్డు దాటుతున్నడు." నోరు ఉన్నదాన్ని చెప్తుంటే, మనసుకు లేనిదాన్ని ఊహించే తీరిక దొరకదు. ఇది ఆమెకూ పనికొస్తుందనిపించింది. "అమ్మా, హారన్ ఇనబడితే చెవులు ముయ్యకు. అది ఏం బండో పేరు చెప్పు. అంతే" అన్నాను.

ఆమె వంటిల్లు హైవే పక్కనే కదా. పొద్దున్నే కూర కలుపుతూ ఒక్కో హారన్‌కూ పేరు చెప్పడం మొదలుపెట్టింది. "లారీ. డీలక్స్ బస్సు. బుల్లెట్." భర్త కంగారుపడి నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మా ఆవిడ పొయ్యి ముందు నిలబడి లారీ లారీ అంటోందండీ, ఏం చెప్పి పంపారు?" అన్నాడు. అది కూడా క్లాసేనని చెప్పాను. వారం తిరిగేసరికి ఆమె చేతులు స్టీరింగ్ మీద నిలబడ్డాయి. హారన్ పడగానే భుజాలు ఉలిక్కిపడేవి, నోరు మాత్రం "సిటీ బస్సు" అనేది. చూస్తుంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇక నా కాలు మిగిలింది. ఒక ఆదివారం పొద్దున, ఖాళీ కాలనీ రోడ్డులో, నేను సీటు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. రెండు కాళ్లూ మడిచి పైనే. "ఇగ పోనియ్యి" అన్నాను. ఆమె నా వైపు చూసి, "నిజంగానే?" అంది. ఆ వీధి చివరిదాకా పోయేలోపు నా చొక్కా తడిసిపోయింది. ఒక కుక్క అడ్డమొచ్చింది. నా మోకాలు ఎగిరింది కానీ కాలు దిగలేదు. కారు ఆగింది, గట్టిగా కుదుపుతో, మొరటుగా. నేను ఆపినప్పటిలా పువ్వులా కాదు. కానీ ఆపింది ఆమె. మా స్కూల్ ఓనర్ మేడమ్ అటువైపు స్కూటీ మీద పోతూ నన్ను చూసి, "ఏంది సార్, యోగా క్లాసు షురూ చేసినవా?" అంది. అవును మేడమ్, ఫీజు మీకే అన్నాను.

పిల్లలు వచ్చే రోజు రానే వచ్చింది. నేను సెలవు పెట్టి హయత్‌నగర్ పోయాను. ఆమె సొంత కారు, నా వైపు బ్రేకు లేదు. వెనక సీట్లో అన్నం గిన్నెలు, కూర గిన్నెలు చీరల మూటల మధ్య బిగించారు. సాంబారు బకెట్టుకు మాత్రం చోటు లేదు. ఆమె దాన్ని తెచ్చి నా ముందు, నా రెండు పాదాల మధ్య పెట్టింది. "గట్టిగా పట్టుకోండి మాస్టారూ, ఇప్పుడే దించాం" అంది. మూత మీద చేతులు, బకెట్టు చుట్టూ కాళ్లు. తొక్కుదామన్నా కుదరదు. ఆమె గట్టిగా బ్రేకు వేస్తే సాంబారు అభిషేకం నాకే. భర్త గుమ్మంలో నిలబడి దండం పెడుతున్నాడు, ఆమెకో దేవుడికో నాకో తెలియలేదు.

ఆమె తొడల మీద చేతులు పెట్టుకుని ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. బండి కదిలింది.

వనస్థలిపురం దాకా ఆమె బండ్ల పేర్లు చెప్తూనే ఉంది. పనామా చౌరస్తా దగ్గర బైకువాడొకడు రాంగ్ రూట్లో ఎదురొచ్చాడు. ఆమె "బైకు, బుద్ధిలేనోడు" అని, తొందరపడకుండా వేగం తగ్గించి, వాణ్ని పోనిచ్చింది. బకెట్లో సాంబారు ఒక్క ఊపు ఊగి ఊరుకుంది. నాకు గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది, చేతులు ఖాళీ లేవు.

ఎల్బీ నగర్ మెట్రో కనిపిస్తుండగా ఆమె ఇండికేటర్ వేసి ఎడమ పక్కకు తీసి ఆపింది.

"ఏమైందమ్మా?"

"మీరిక్కడ దిగిపోండి మాస్టారూ."

నాకు అర్థం కాలేదు. ఇకముందే అసలు కష్టం. జిల్లాల బస్సులన్నీ అక్కడే కలుస్తాయి, కొత్తపేట దాకా ఒకదాన్నొకటి ఒరుసుకుని పోతాయి.

"రేపటి నుంచి మీరుండరు కదండీ. రేపు పడాల్సిన భయం ఏదో ఇవాళే పడిపోతాను. మీరు దగ్గరున్నారని తెలిస్తే నేనింకా కూర్చునే ఉంటాను, నడపను" అంది.

నోటిదాకా వచ్చింది, వద్దమ్మా అని. ఆ మాట మింగేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పని అదే. దిగాను. సాంబారు బకెట్టును నా సీట్లో పెట్టి దానికి సీటుబెల్టు కట్టాను. గట్టిగా లాగి చూశాను. "పోయి రా బిడ్డా" అన్నాను. అప్పటిదాకా ఆమెను అమ్మా అనే పిలిచేవాణ్ని.

కారు రోడ్డులో కలిసింది. వెంటనే వెనక నల్గొండ బస్సొకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. నేను రోడ్డు పక్క నుంచి కారు అద్దంలోకి చూస్తున్నాను. ఆమె చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. కారు తన వరసలో తాను, తొణకకుండా, బెణకకుండా పోయింది. బస్సు పక్కనుంచి దాటుకుపోయింది. తర్వాత కారు కనపడలేదు.

ఆ తర్వాతి సమయం ఎట్లా గడిచిందో అడగకండి. మెట్రో స్తంభం నీడలో అటూ ఇటూ నడిచాను. భుజాలు దించాను, పళ్లు వదులు చేశాను. కనపడ్డ బండ్లన్నిటి పేర్లూ పైకే చెప్పాను. ఆటోవాడొకడు దగ్గరికొచ్చి, "పెద్దాయనా, ఎటు పోవాలె?" అన్నాడు. "ఎటు పోను. ఒకామె ఫోన్ రావాలె" అన్నాను. వాడు నా ముఖం చూసి, నవ్వాపుకుని పోయాడు. చాయ్ దుకాణం పిలుస్తోంది, పోలేదు. నిజం చెప్పాలంటే దడ ఉంది. కానీ నేను దాన్ని మోస్తున్నాను, అది నన్ను లాక్కుపోవడం లేదు.

ఫోన్ మోగింది. అవతల పళ్లేల చప్పుడు, కుర్రాళ్ల గోల. ఆ గోలలో ఆమె అరుస్తోంది. "మాస్టారూ, టైముకి ముందే వచ్చేశానండీ. సాంబారు చుక్క ఒలకలేదు. వార్డెన్ గారు గేటు దగ్గర నిలబడి డ్రైవరేడమ్మా అని అడిగారు. నేనేనండీ అన్నాను." అక్కడ ఆగి ఏడ్చేసింది. నేను కూడా ఎల్బీ నగర్ నడిరోడ్డు పక్కన, అందరూ చూస్తుండగా, కళ్లు తుడుచుకున్నాను. సిగ్గేం పడలేదు. గెలిచినవాళ్లు ఏడిస్తే తప్పేంటి?

"అక్కడే ఉండండి, నేనే వస్తున్నా" అని ఫోన్ పెట్టేసింది.

నేను రోడ్డు దాటి హయత్‌నగర్ పోయే వైపు నిలబడ్డాను. కారు వచ్చి నా ముందు ఆగింది, ఈసారి పువ్వులాగే. ముందు సీటు నిండా ఖాళీ బకెట్లు, గిన్నెలు. "వెనక కూర్చోండి మాస్టారూ, ఏమనుకోకండి" అంది. వెనక సీటు ఖాళీ చేసి చీరల మూటలు మాత్రం ఉంచింది. వాటికి జారగిలపడి కూర్చున్నాను. చింతలకుంట దాటిందని తెలుసు. బస్సొకటి హారన్ కొట్టడం, ఆమె ఏదో పేరు చెప్పడం లీలగా వినిపించింది, నా కాలు మాత్రం కదల్లేదు. ఆ తర్వాత ఏమీ తెలియదు.

"మాస్టారూ, హయత్‌నగర్ వచ్చేసింది. లేవండి, అన్నం చల్లారిపోతుంది" అని ఆమె భుజం తట్టి లేపేదాకా నిద్రపోయాను.